మాట ఆగిన చోట ఆగుతామన్నారు: అక్క ఆపరేషన్‌కు ఆసుపత్రి వెతికిన రోజులు

ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ అక్క ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని "హలో, హలో" అన్నాను. కాసేపటికి మళ్లీ తన గొంతు వినిపించింది. "ఉన్నానే. మాట నోటిదాకా వచ్చి బయటికి రాలేదు" అంది. ఎండలకు నీరసం వచ్చి ఉంటుంది, మజ్జిగ తాగి పడుకో అన్నాను. 2023 జూన్ అది, బడులు తెరిచిన వారం. అక్క తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. అప్పటికి తనకు 39 ఏళ్లు.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున బావగారు ఫోన్ చేశారు. అక్కకు ఫిట్స్ వచ్చాయి. ముందు కుడి చెయ్యి, మూతి కుడివైపు కొట్టుకున్నాయట. తర్వాత ఒళ్లంతా బిగుసుకుపోయిందట. నేను హైదరాబాద్‌లో దొరికిన బస్సెక్కి గుంటూరులో అక్కను చేర్చిన ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సీటీ, ఎంఆర్ఐ రెండూ అయిపోయాయి. మెదడులో ఎడమవైపు, ముందు భాగంలో 4 సెంటీమీటర్ల గడ్డ.

"ఎల్లుండి ఆపరేషన్ పెడదాం. ఎస్టిమేట్ 4 లక్షల 80 వేలు. సాయంత్రంలోగా అడ్వాన్స్ కట్టేయండి" అన్నారు. బావగారు అప్పటికే ఏటీఎం కార్డు చేతిలో పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నారు. గడ్డ ఎడమవైపు ఉందంటే మాటకేమైనా అవుతుందా అని డాక్టరుగారిని అడిగాను. "ముందు ప్రాణం సంగతి చూద్దామమ్మా" అన్నారు. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? కానీ లోపల మంచం మీద కూర్చున్న మనిషి నన్ను చూసి "బస్సులో ఏమన్నా తిన్నావా" అని అడిగింది. ప్రాణం ఇప్పుడే పోయేలా కనిపించడం లేదు. అది నేను చూస్తూనే ఉన్నాను.

తెనాలిలో మా ఇంట్లో అందరికీ 20 ఏళ్లుగా మందిచ్చే డాక్టరుగారు ఒకరున్నారు. ఆయనకు ఫోన్ చేశాను. రిపోర్టులు పంపమని, తనకు తెలిసిన న్యూరాలజిస్టుకు చూపించి గంటలో తిరిగి చేశారు. ఆయన చెప్పింది ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అమ్మాయి స్పృహలో ఉంది. వాంతుల్లేవు, మగత లేదు, చెయ్యీ కాలూ ఆడుతున్నాయి. ఫిట్స్ మాత్రలు, వాపు తగ్గే స్టెరాయిడ్ మొదలుపెట్టారు కదా. మీకు రెండు మూడు వారాల టైముంది. రెండు మూడు నెలలు మాత్రం లేదు." ఇంకో మాట కూడా అన్నారు. వాంతులు, మగత, ఒకవైపు పడిపోవడం లాంటివి మొదలైతే మంచి ఆసుపత్రి, చెడ్డ ఆసుపత్రి అని చూడొద్దు, ఎక్కడ దగ్గరైతే అక్కడ ఆ రాత్రే చేయించేయండి అన్నారు.

ఆ ఒక్క ఫోన్ మాకు దారి చూపించింది. మా బాధ్యత మీద తీసుకెళ్తున్నామని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. బావగారి చెయ్యి వణికింది. ఫిల్ములు ఇచ్చి పంపించబోతే ఎంఆర్ఐ సీడీ కావాలని అక్కడే కూర్చున్నాం. ఆ సీడీ లేకపోతే తర్వాత ఏ డాక్టరు దగ్గరా మా పని జరిగేది కాదు. ఫిల్ము ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు. సీడీలోవి రెండు పెన్ డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి బావగారి దగ్గర, ఒకటి నా దగ్గర పెట్టుకున్నాం.

ఇంటికి వచ్చిన రోజు నుంచి సలహాలు మొదలయ్యాయి. బాబాయి ముంబై టాటా కేన్సర్ ఆసుపత్రికే వెళ్లాలన్నాడు. ఎదురింటి వాళ్లు వెల్లూరు అన్నారు. అక్క స్కూల్లో సైన్సు టీచరు నిమ్స్ అన్నారు. అమెరికాలో ఉన్న మేనత్త కొడుకు రాత్రి 11 గంటలకు ఫోన్ చేసి, చెన్నైలో రేడియేషన్ ఇచ్చే ప్రోటాన్ మెషిన్ వచ్చింది, దక్షిణాసియాలో అదే మొదటిది, 2019లోనే పెట్టారు, అక్కడికే తీసుకెళ్లండి అన్నాడు. పిన్నికి తెలిసిన ఒకాయన పొడి ఇస్తాడట, దాంతో గడ్డలు కరిగిపోతాయట. పిన్ని ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ పొడి ఇంట్లోకి రానివ్వనని అమ్మ ముందే గట్టిగా చెప్పేశాను. ఫిట్స్ మాత్ర ఒక్క పూట తప్పినా ప్రమాదమే.

ఎవరి సలహా వెనకైనా బతికి బాగున్న మనిషి ఒకరుంటారు. కాబట్టి ఎవరినీ తీసిపారేయలేం. నాలుగైదు రోజులు ఆ పేర్ల మధ్యే తిరిగాను. తర్వాత ఒక్కొక్కరినీ వివరంగా అడిగితే అసలు విషయం తెలిసింది. ఒకరిది పిట్యూటరీ గ్రంథిలో గడ్డ, ముక్కులోంచి వెళ్లి తీశారు. ఇంకొకరిది మెనింజియోమా, మెదడు పొర మీద పెరిగేది, చాలావరకు కేన్సర్ కాదు. అక్కది మెదడులోంచే పుట్టిన గ్లియోమాలా ఉంది, అదీ మాట ఉండే చోట. అందరూ ట్యూమర్ అనే అంటారు గానీ ఆ ఒక్క మాట కింద ఎన్ని జబ్బులున్నాయో! వాళ్లకు సరిపోయిన ఆసుపత్రి మాకూ సరిపోతుందని ఏముంది?

ఇవన్నీ మేం వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం. అక్కకు చెప్పొద్దని అమ్మ కన్నీళ్లతో ఒట్టు వేయించుకుంది. ఒక సాయంత్రం అక్కే లేచి గుమ్మంలోకి వచ్చింది. "నా తల గురించేగా. నేనూ వింటాను" అంది. ఎవరం నోరెత్తలేదు. పీట లాక్కుని కూర్చుంది. బావగారే అన్నీ చెప్పారు, దాచకుండా. అంతా విని చాలాసేపు ఊరుకుంది. తర్వాత "చెయ్యి కాస్త పట్టు తప్పినా సర్దుకుంటాను. మాట పోతే మాత్రం నావల్ల కాదు. నాకు మాట మిగలాలి. అది చూసుకుని వెతకండి" అంది.

అప్పటిదాకా మేం వెతుకుతున్నది పెద్ద ఆసుపత్రి. ఆ సాయంత్రం నుంచి అక్క మాట కాపాడగలిగే చోటు వెతకడం మొదలుపెట్టాం. ఈ రెండూ ఒకటి కాదు.

అక్క తన స్కూలు లాంగ్ నోట్‌బుక్ తీసి ఇచ్చింది. డాక్టర్లను అడగాల్సినవన్నీ అందులో రాశాం. ఇలాంటి చోట ఉన్న గడ్డలు ఏడాదికి ఎన్ని తీస్తారు? చేసేది మీరేనా, మీ కింద నేర్చుకుంటున్నవాళ్లా? మనిషిని మెలకువగా ఉంచి చేస్తారా? ముక్క పరీక్ష, జన్యు పరీక్షలు అక్కడే చేస్తారా, బయటికి పంపుతారా? రేడియేషన్ మా ఊరి దగ్గర చేయించుకుంటే మీకు అభ్యంతరమా? మొదటి ప్రశ్న మాత్రం అక్క తన దస్తూరీతో రాసుకుంది: "ఆపరేషన్ తర్వాత నేను పద్యం రాగయుక్తంగా చదవగలనా?"

మెలకువగా ఉంచి ఆపరేషన్ అనే మాట నేను నెట్‌లో చదివి తెలుసుకున్నాను. ఆ న్యూరాలజిస్టు కూడా అవునన్నారు. మాట ఉండే ప్రాంతం అందరి మెదడులోనూ అచ్చంగా ఒకే చోట ఉండదు. గడ్డ పెరిగేటప్పుడు అది పక్కకు జరిగి కూడా ఉండొచ్చు. అందుకని మనిషితో మాట్లాడిస్తూ, చిన్న కరెంటు పుల్లతో మెదడు పైభాగాన్ని తాకుతూ చూస్తారు. ఎక్కడ తాకితే మాట ఆగుతుందో అక్కడ కత్తి పెట్టరు. మెదడుకు నొప్పి తెలియదు. తల చర్మానికి మత్తు ఇంజెక్షన్లు ఇస్తారు. ఇదంతా చదివాక నాకొక అనుమానం పట్టుకుంది. మాట్లాడించేది ఏ భాషలో? అక్క ఆలోచించేదీ, పాఠం చెప్పేదీ, కోప్పడేదీ అంతా తెలుగులోనే. ఇంగ్లీషులోనో హిందీలోనో "దిస్ ఈజ్ ఏ" అనిపించి, తెలుగు బాగానే ఉందని ఎలా అనుకుంటారు? నోట్‌బుక్‌లో ఆ ప్రశ్న కూడా ఎక్కింది, కింద రెండు గీతలతో.

హైదరాబాద్‌లో మొదట కలిసిన సర్జనుగారి మీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది. ప్రైవేటు ఆసుపత్రే. ఆపరేషన్‌లో గడ్డ ఎక్కడుందో చూపించే నావిగేషన్ యంత్రం ఉంది, తానే చేస్తానన్నారు. మెలకువ ఆపరేషన్ గురించి అడిగితే, "నేను చేసినవి చాలా తక్కువ. మీకు మాట ముఖ్యమైతే తరచుగా చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి" అన్నారు. చేతికి వచ్చిన పేషెంటును అలా వదులుకోవడం చిన్న విషయం కాదు. నిమ్స్‌లో కూడా చూపించాం. ఎంఆర్ఐ చూసి గ్రేడు (గడ్డ ఎంత తీవ్రమైనదో చెప్పే అంకె) చెప్పలేమని, ముక్క తీసి పరీక్ష చేస్తే తప్ప తేలదని అక్కడి డాక్టరుగారు నిదానంగా వివరించారు. అప్పటిదాకా అమ్మ ప్రతి ఒక్కరినీ "ఇది కేన్సరేనా, కాదా" అని అడుగుతుండేది. ఆ రోజుతో అది మానేసింది.

బెంగళూరు నిమ్‌హాన్స్ గురించి గట్టిగానే ఆలోచించాం. నరాల జబ్బులకు దేశంలోనే పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. పక్కనే కిద్వాయ్ కేన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. ముంబైని మాత్రం భాష దగ్గరే పక్కన పెట్టాం. అలా పెట్టేటప్పుడు భయం వేసింది. అంత పేరున్న చోటు కాదనుకుంటున్నాం, రేపు ఏమైనా అయితే జీవితాంతం బాధపడాలి కదా అని. కానీ టాటా వాళ్లతో, దేశంలోని కేన్సర్ ఆసుపత్రుల కూటమి నేషనల్ కేన్సర్ గ్రిడ్‌తో కలిసి నడిచే నవ్య అనే ఆన్‌లైన్ సర్వీసులో రిపోర్టులు పెట్టి అభిప్రాయం అడగొచ్చని తెలిశాక మనసు కుదుటపడింది. మనిషి వెళ్లకపోయినా ఫైలు వెళ్తుంది.

వెల్లూరు సీఎంసీకి ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసి, శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కు తెనాలిలో ఎక్కాం. కాట్పాడిలో దిగి ఆటోలో వెళ్తుంటే ఆసుపత్రి చుట్టుపక్కల అన్నీ లాడ్జిలు, మందుల షాపులే. బోర్డులు తమిళంతో పాటు బెంగాలీలో ఉన్నాయి. అక్క ఆటోలోంచే అక్షరాలు పోల్చుకుంటూ కూర్చుంది. లాడ్జిలో పక్క గదిలో నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నారు. 1949లోనే జాకబ్ చాండీ అనే డాక్టరు ఇక్కడ న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారనీ, మన దేశంలో అదే మొదటిదనీ ఆయనే చెప్పారు. భార్యను మూడోసారి చూపించడానికి తీసుకొచ్చారు. మాకు హీటర్, గిన్నె ఇచ్చి, అన్నం ఎక్కడ బాగుంటుందో చెప్పి, ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో వచ్చి చూపించారు.

డాక్టరుగారు మాతో ఏమీ మాట్లాడకుండా ముందు సీడీ పెట్టి చూశారు. 10 నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాత అక్క వైపు తిరిగి, అక్కనే అడగడం మొదలుపెట్టారు. ఏం పని చేస్తారు, కుడిచేతి వాటమా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? అంతకుముందు కలిసినవాళ్లంతా మాతోనే మాట్లాడారు. ఆయన మాటలను చిత్తూరు వైపు అమ్మాయి ఒకామె తెలుగులో చెప్పింది. నోట్‌బుక్ తీసి ప్రశ్నలన్నీ అడిగాం. విసుక్కోలేదు. అక్క తన మొదటి ప్రశ్న తనే చదివింది. ఆయన కాసేపు ఆలోచించి చెప్పిన జవాబును ఆ అమ్మాయి ఇలా చెప్పింది: "అంతా తీసేస్తామని మాట ఇవ్వలేమక్కా. మీ మాట ఎక్కడ ఆగితే మేం అక్కడ ఆగుతాం. కొంచెం గడ్డ మిగలొచ్చు. మిగిలినదానికి రేడియేషన్, మందులు ఉన్నాయి. పోయిన మాటకు మందు లేదు."

బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాం. బావగారు అక్క ముఖంలోకి చూశారు. "ఇక్కడే" అంది అక్క. ఫిట్స్ వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే అది 19వ రోజు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. బావగారు జీపీఎఫ్‌లోంచి లోన్ తీశారు, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాం. అక్కకు ఉద్యోగుల హెల్త్ కార్డు ఉంది కాబట్టి, ఏ ఆసుపత్రిలో ఏ వైద్యానికి అది పనిచేస్తుందో ముందే ఆరోగ్యమిత్రను కనుక్కున్నాం. ఆసుపత్రి జాబితాలో ఉన్నంత మాత్రాన అన్ని వైద్యాలకూ కార్డు చెల్లుతుందనుకోకూడదు. ఏ చికిత్సకు వర్తిస్తుందో పేరుపేరునా అడగాలి.

ఆపరేషన్‌కు ముందు రోజు అక్కను ఒక గదిలో కూర్చోబెట్టి బొమ్మల కార్డులు చూపించారు. నన్ను కూడా ఉండనిచ్చారు. అదే చిత్తూరు అమ్మాయి. గొడుగు, కత్తెర, తాళంచెవి, ఏనుగు, నిచ్చెన. ఊరికే పేరు చెబితే చాలదు. "ఇది గొడుగు", "ఇది కత్తెర" అని పూర్తిగా అనాలి. "ఇది" అని ఆగిపోతే పేరు దొరకలేదని అర్థమట, "ఇది" కూడా రాకపోతే మాటే ఆగిందని అర్థమట. కొబ్బరికాయ బొమ్మ వచ్చింది. "ఇది కొబ్బరికాయ" అంది అక్క. "మేం టెంకాయ అంటాం" అని ఆ అమ్మాయి కార్డు వెనక పెన్సిల్‌తో కొబ్బరికాయ అని రాసుకుంది. ఇంకో బొమ్మ దగ్గర అక్క చాలాసేపు తడుముకుంది. విసనకర్ర. ఆ మాట రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఫరవాలేదక్కా, ఇప్పుడే రానిదాన్ని రేపు అడగం" అని ఆ కార్డు పక్కకు తీసేసింది. అలా 9 కార్డులు పక్కకు పోయాయి. మిగిలినవాటిని రబ్బరు బ్యాండు వేసి అక్క పేరు రాసి పెట్టారు. ఆ కట్ట చూశాక మా ప్రశ్న కింద గీసిన రెండు గీతలూ ఊరికే పోలేదనిపించింది.

ఆపరేషన్ రోజు ఉదయం 7 గంటలకు లోపలికి తీసుకెళ్లారు. లోపల జరిగింది తర్వాత అక్క చెప్పిందే. నీలం గుడ్డలతో గుడారంలా కట్టి, ఒకవైపు కిటికీలా వదిలారట. అందులోంచి ఆ అమ్మాయి మొహం, ఆమె చేతిలో కార్డులు మాత్రమే కనిపించేవట. తల దగ్గర చప్పుడు వినిపిస్తుంది, నొప్పి లేదు, దాహం మాత్రం విపరీతంగా వేసింది. తడి దూది పెదాలకు అద్దుతూ ఉన్నారట. తాళంచెవి బొమ్మ దగ్గర "ఇది... ఇది..." అని ఆగిపోయింది. ఏమిటో తెలుసు, పేరు రాదు. వెనకనుంచి డాక్టరుగారు ఏదో అన్నారు, మళ్లీ అదే బొమ్మ, మళ్లీ అదే ఆగడం. ఆ చోట చిన్న నంబరు కాగితం పెట్టారట. చివర్లో బొమ్మలు ఆపేసి ఏదైనా మాట్లాడుతూ ఉండమన్నారు. అక్క పద్యం అందుకుంది. ఏడో తరగతి పిల్లలకు ఏటా చెప్పే పద్యం. రెండో పాదం మధ్యలో నాలుక తడబడింది. "చాలు, ఇక్కడ ఆపేద్దాం" అన్నారట.

మేం బయట బెంచీ మీద సాయంత్రం 3 దాకా కూర్చున్నాం. ఏమీ తినలేదు.

ఆ తర్వాతి రోజులు ఎవరైనా ముందే చెప్పి ఉంటే మేం అంత భయపడేవాళ్లం కాదు. మర్నాటికి అక్క మాట దాదాపు లేదు. "ఊ" అంటుంది, తలూపుతుంది, అంతే. అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. ఇంత వెతికి, ఇంత దూరం వచ్చి ఇదా అనుకున్నాను. రౌండ్లకు వచ్చిన డాక్టరుగారు, ఆపరేషన్ బల్ల మీద చివరిదాకా మాట్లాడిందంటే ఇది వాపు వల్లే, తగ్గుతుంది అన్నారు. నాలుగో రోజు ఉదయం నర్సు ఇడ్లీ తెస్తే అక్క "చట్నీ?" అంది. ఆ మాటకు బావగారు లేచి బయటికి వెళ్లిపోయారు. వారానికి చిన్న చిన్న వాక్యాలు వచ్చాయి. స్పీచ్ థెరపిస్టు ఇచ్చిన అభ్యాసాలు ఇంటికి వచ్చాక కూడా మూడు నెలలు చేసింది.

రెండు వారాల తర్వాత ముక్క పరీక్ష రిపోర్టు వచ్చింది. ఒలిగోడెండ్రోగ్లియోమా, గ్రేడ్ 3. గ్రేడ్ 3 అనగానే గుండె ఆగినంత పనైంది. కానీ డాక్టరుగారు గ్రేడు కంటే ముందు జన్యు పరీక్షల వైపు వేలు పెట్టి చూపించారు. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంది, 1పీ-19క్యూ అనే రెండు క్రోమోజోమ్ ముక్కలు పోయి ఉన్నాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్తగా ఇచ్చిన వర్గీకరణ ప్రకారం ఈ రెండూ ఉంటేనే దాన్ని ఒలిగో అంటారట, ఇవి ఉన్నవాళ్లకు రేడియేషన్, మందులు బాగా పనిచేస్తాయట. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం సంగతి చెప్పారు. ఇలాంటి గడ్డకు రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో సగం మంది 7.3 ఏళ్లకు మించి బతికితే, మూడు మందుల కీమో కూడా కలిపినవాళ్లలో సగం మంది 14.7 ఏళ్లు దాటారట. బావగారు ఆ అంకె నోట్‌బుక్‌లో రాసి చుట్టూ గడి కట్టారు. ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు ఈ పరీక్షలు అక్కడ జరుగుతాయా అని అడిగింది ఇందుకే. తీసిన ముక్క మీద ఈ పరీక్షలు చేయకపోతే తర్వాత ఇచ్చే వైద్యం గుడ్డిదైపోతుంది. తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన పారఫిన్ బ్లాకులు కూడా అడిగి తెచ్చుకుని భద్రంగా పెట్టాం.

ఇక రేడియేషన్. 33 సిట్టింగులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ. అంటే ఆరున్నర వారాలు. అందరూ "అంత మంచి చోట ఆపరేషన్ చేయించి, రేడియేషన్‌కు గుంటూరేంటి?" అన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ వెల్లూరులో లాడ్జి గదిలో ఆరున్నర వారాలంటే బావగారి ఉద్యోగం, ఎనిమిదో తరగతి చదివే పిల్లాడు, అమ్మ మోకాళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా అక్క మనసు. ఆపరేషన్‌కు చెయ్యి ముఖ్యం, ఆ చెయ్యి ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి. రేడియేషన్‌కు యంత్రం, ప్లాన్ గీసే డాక్టరు సరైనవైతే, ఆ తర్వాత ముఖ్యమైనది మనిషి రోజూ వెళ్లి రాగలగడం, మధ్యలో మానకపోవడం. వెల్లూరు డాక్టరుగారిని అడిగితే అభ్యంతరం లేదన్నారు, ఉత్తరం రాసిచ్చారు.

గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన కేన్సర్ సెంటర్‌ను చూశాం, మరో ప్రైవేటు ఆసుపత్రిని కూడా చూశాం. అక్క హెల్త్ కార్డు చెల్లడం, ఉదయం 10 గంటల స్లాటు దొరకడం వల్ల ప్రైవేటులో చేరాం. అక్కడి డాక్టరమ్మను ప్రోటాన్ గురించి అడిగాను, మేనత్త కొడుకు వదిలిపెట్టడం లేదు మరి. ఆమె కొట్టిపారేయలేదు. "చిన్నపిల్లలకు, కొన్ని రకాల గడ్డలకు దాని అవసరం స్పష్టంగా ఉంది. మీ అక్కగారి విషయంలో ఐఎంఆర్‌టీ అనే ఎక్స్‌రే కిరణాల పద్ధతి కంటే ఇంత మేలు అని ఇంకా రుజువు కాలేదు. దానికోసం ఇల్లు తాకట్టు పెడతానంటే నేను వద్దంటాను" అన్నారు.

మాస్కు తయారుచేసే రోజు నేనున్నాను. తెల్లటి ప్లాస్టిక్ జల్లెడను వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక మొహం మీద పరిచి అదిమారు. చల్లారేసరికి అక్క మొహమే అచ్చుపడింది, ముక్కు మీద పుట్టుమచ్చ గుబ్బతో సహా. రోజూ అది వేసి బల్లకు బిగిస్తారు, తల కదలకుండా. మొదటి రెండు రోజులు ఊపిరాడనట్టు అనిపించిందట. తర్వాత లోపల పద్యాలు లెక్కపెట్టుకునేదట, 6 పద్యాలయ్యేసరికి బల్ల బయటికి వచ్చేసేది. తెనాలి నుంచి కారులో పొద్దున బయల్దేరి, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేవాళ్లు. నాలుగో వారం నుంచి తీవ్రమైన నీరసం, ఎడమ కణత దగ్గర జుట్టంతా ఊడింది. అయినా సాయంత్రం మా అబ్బాయి (అక్క కొడుకు) పక్కన కూర్చుని హోంవర్కు చేయించేది. లాడ్జిలో ఉంటే ఇది ఉండేది కాదు.

కీమో దగ్గర మళ్లీ ఒక చిక్కు. టెమోజోలమైడ్ క్యాప్సూల్స్ సులువు, అందరికీ అలవాటైనవి. ఆ 14.7 ఏళ్ల అంకె మాత్రం పాత మూడు మందుల పద్ధతిది. ఇక్కడే నవ్యలో ఫైలు పెట్టాం, "ఏం చేయాలి" అని కాకుండా, ఈ రెండింట్లో ఏది అని ఒకే ప్రశ్నతో. వచ్చిన అభిప్రాయం, వెల్లూరు మాట, గుంటూరు డాక్టరమ్మ మాట మూడూ కలిపి చూసుకుని మూడు మందుల పద్ధతికే వెళ్లాం. 6 విడతలు అనుకుంటే, ప్లేట్‌లెట్లు బాగా పడిపోవడంతో 4 తర్వాత ఆపేశారు.

2024 జూన్‌లో బడులు తెరిచినప్పుడు అక్క కూడా వెళ్లింది. హెడ్‌మాస్టరుగారు మొదటి నెల రెండు పీరియడ్లే ఇచ్చారు. ఒక్కోసారి మాట కోసం ఆగుతుంది. పిల్లలు అందిస్తారట. కొత్తవాళ్లెవరికైనా ఆలోచించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. అలసిపోయినరోజు నాకు ఫోన్లో తేడా తెలుస్తుంది. అలాంటప్పుడు నేను "హలో" అనను. ఆగుతాను.

తడబడిన చోట వదిలేసిన ముక్క, చిటికెన వేలి గోరంత, ఎంఆర్ఐలో ఇంకా కనిపిస్తూనే ఉంది. ప్రతి 4 నెలలకూ చూస్తున్నారు. ఇప్పటిదాకా పెరగలేదు. స్కాన్ తీసే వారం మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. వచ్చే నెల 12న మళ్లీ వెల్లూరు. శేషాద్రికి మూడు బెర్తులు కన్ఫర్మ్ అయ్యాయి. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, పాత సీడీలు కూడా సంచిలో పెట్టమని బావగారికి మరోసారి గుర్తుచేయమంది. ఆ పెద్దాయన కోసం నెల్లూరులో ఆగే టైము కూడా చూడమంది. ఆయన భార్యకు ఎలా ఉందో కనుక్కోవాలట, స్టేషనుకు వస్తానన్నారట.